మెట్టు చెప్పలేదు

ఆ మనిషి కాలెత్తాడు. కిందికి చూడలేదు, ఆగలేదు, తలుపుచెక్క పట్టుకోలేదు. చేతిలో ఫోను మీంచి చూపు కదల్చకుండా, చెబుతున్న మాట తెగకుండా, ఎంత ఎత్తాలో సరిగ్గా అంతే ఎత్తి, గుమ్మంలో ఉన్న సిమెంటు మెట్టు దాటి ఆమె పనిగదిలోకి వచ్చేశాడు. పరాయి దేశాలకి ఇంటిసామాను పంపే కంపెనీ మనిషి. ఇంట్లో ఏమేం ఉన్నాయో, ఓడలో వెళ్ళే పెద్ద పెట్టెలో ఏది ఎంత చోటు తింటుందో కొలుచుకోవడానికి వచ్చాడు. ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి. అలాగని పొద్దున చెప్పింది ఆమె భర్త. "కొత్త మనిషి వస్తున్నాడోయ్, ఇల్లంతా దగ్గరుండి చూపించాలి" అన్నాడు, షర్టు గుండీలు పెట్టుకుంటూ. ఇప్పుడు ఆ కొత్త మనిషి వెనకే నుంచుని ఉన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు. ఆమె చేతులు రెండూ ఖాళీ లేవు, కట్టుడుపళ్ళ సెట్టు అచ్చుపోసి బిగించిన చిన్న ఇత్తడి పెట్టెని, ఫ్లాస్కు అంటారు దాన్ని, పటకారుతో పట్టుకుని వేడినీళ్ళ తొట్టిలోకి దించుతోంది. చేతులు ఖాళీ లేకపోతేనేం, నోరు ఖాళీయే, "మెట్టు!" అని అరవడానికి తెరిచింది కూడా. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ మనిషి అప్పటికే ఇవతల ఉన్నాడు. చేతిలో కొలతల టేపు బల్ల మూల మీద పెట్టి, గదంతా ఒక్క చూపు చూసి, దేన్నీ కొలవలేదు. ఆయన వచ్చి అతని భుజం మీద చెయ్యేసి, "ఇక్కడ తర్వాత చూద్దాం, ముందు హాలు చూసేయండి" అని మళ్ళీ బయటికి నడిపించుకుపోయాడు. పోయేటప్పుడూ ఆ మనిషి కాలు సరిగ్గానే ఎత్తాడు. టేపు మర్చిపోయాడు.

ఆమె ఫ్లాస్కుని నీళ్ళ అడుక్కి ఆనించింది. వేడినీళ్ళు చింది మణికట్టు మీద పడ్డాయి, అబ్బా అనలేదు. ఆయన అరవలేదేం? ఇదొక్కటే బుర్రలో తిరుగుతోంది, గిన్నెలో పడ్డ గోళీలా. ఈ ఇంట్లో కొత్తవాళ్ళు ఆ గుమ్మం దగ్గరికి వస్తే ఆయనా, ఆమే, కూతురూ ముగ్గురూ ఒక్క గొంతుతో అరుస్తారు. అరవడం అనేది ఆలోచించి చేసేది కాదు, తుమ్ములాంటిది. కరెంటు మీటరు చూసేవాడికి అరిచారు, గ్యాసు సిలిండరు తెచ్చేవాడికి అరిచారు, పళ్ళు పెట్టించుకోవడానికి వచ్చే ముసలీ ముతకా అందరికీ అరిచారు. ఒకసారి ఆయన ఫ్యాక్టరీలో కొత్తగా వచ్చిన పెద్ద ఆఫీసర్ని ఏదో గదిలోకి తీసుకెళ్తూ, అక్కడ నున్నటి నేల తప్ప ఏమీ లేకపోయినా "మెట్టు!" అని అరిచేశాట్ట, ఆ పెద్దమనిషి గాల్లో కాలెత్తి బొక్కబోర్లా పడబోయాట్ట. ఇంటికొచ్చి చెప్పి చెప్పి నవ్వాడు. కూతురికి మాటలొచ్చే రోజుల్లో అమ్మ, నాన్న తర్వాత వచ్చిన మాట "మెత్తు". ఎందుకంటే ఆ మెట్టు మామూలు మెట్టు కాదు, మనుషుల కాళ్ళకి అంతుబట్టని ఎత్తు. అడుగు పడే ఎత్తుకి ఇంకో రెండు వేళ్ళు ఎక్కువ. కట్టింది ఎవరు, ఆయనే. పెళ్ళైన కొత్తలో ఈ గది బట్టలుతుక్కునే గది. ఆమె పని మొదలుపెట్టాక ప్లాస్టరు కలిపిన తెల్లనీళ్ళు వంటింట్లోకి పారేవి, అడుగు పెడితే చాలు జారేది. ఒక సెలవు రోజున ఆయనే ఇటుకలు తెచ్చి, సిమెంటు కలిపి, లుంగీ పైకి చెక్కుకుని, తాపీ కూడా సరిగ్గా పట్టుకోవడం రాకపోయినా సాయంత్రం దాకా కూచుని కట్టాడు. "నీ పనికి అడ్డుకట్ట కాదు, నీ నీళ్ళకి అడ్డుకట్ట" అన్నాడు. ఎత్తు ఎక్కువైందని తెలిశాక పగలగొడదామంటే ఆమే వద్దంది. మొదటిసారి వచ్చిన ప్రతివాడికీ బొటనవేలు తగిలి తీరాల్సిందే. తగలనివాళ్ళు ముగ్గురే, ఎందుకంటే ఇంటివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ళ కాళ్ళకే తెలుసు.

మరి ఆ మనిషి కాళ్ళకి ఎలా తెలిసింది? ఉండు, ఉండు, తొందరపడకు అనుకుంది. కొలతల మనిషి కదా, ఇళ్ళు చూడ్డమే వృత్తి, ఓరకంట చూసి ఉంటాడు. నేల చూడకుండానే నేల తెలిసేవాళ్ళు ఉంటారు. మరి ఆయన ఎందుకు అరవలేదు? హడావుడిలో మర్చిపోయి ఉంటాడు, దేశం కాని దేశం పోతున్న కంగారు. కంగారుంటే ఇంకా ఎక్కువ అరుస్తాడు ఆయన, కంగారులో ఆయన నోరు ముందు పుడుతుంది, మనిషి తర్వాత పుడతాడు. ఒక్కటే అయితే సరిపెట్టుకునేది. వచ్చినవాడు చూడకుండా దాటడం, ఉన్నవాడు చెప్పకుండా ఊరుకోవడం, రెండూ ఒక్కసారే జరిగితే ఏమనుకోవాలి? ఏమనుకోవాలో ఆమెకి తెలుసు. తెలిసినా ఆ ఆలోచనని చెయ్యిపెట్టి పక్కకి తోస్తోంది, అది మళ్ళీ వచ్చి ఒళ్ళో కూచుంటోంది.

లేచి వెళ్ళి అడిగేద్దామంటే తొట్టి దగ్గర్నుంచి కదలడానికి లేదు. చిగుళ్ళ కోసం కూరిన గులాబీరంగు పిండి ఫ్లాస్కులో ఉడుకుతోంది, నీళ్ళు మరీ మరిగితే లోపల బుడగలొస్తాయి, మంట తగ్గితే పచ్చిగా ఉండిపోతుంది. మంట పెంచుతూ తగ్గిస్తూ కాపలా కాయాల్సిందే. ఈ గంట ఎప్పుడూ ఆమెకి ఇష్టమైన గంట. చేతులకి పని ఉండదు, కళ్ళకి కొంచెం ఉంటుంది, మనసుకి సెలవు. ఇవాళ మనసు సెలవు పెట్టనంటోంది. గోడ అవతల హాల్లోంచి ఆయన గొంతు వినిపిస్తోంది, అవసరానికి మించి పెద్దగా, నాటకంలో మొదటిసారి వేషం కట్టినవాడి గొంతులా. "ఇదండీ సోఫా, ఇది వస్తుందండీ! ఇదిగో, ఇటు పడగ్గది!" ఆ మనిషి అడుగులు మాత్రం ముందు వినిపిస్తున్నాయి, ఆయన అడుగులు వెనక. ఇల్లు చూపించేవాడు వెనకా, చూసేవాడు ముందూ నడుస్తారా ఎక్కడైనా? అటక తలుపు కిర్రుమంది. దానికి గొళ్ళెం పైకి నొక్కి లాగాలి, ఊరికే లాగితే రాదు, ఇంటికొచ్చిన చుట్టాలందరూ ఊరికే లాగి ఓడిపోతారు. ఇప్పుడు ఒక్కసారికే వచ్చింది. ఆయనే తీసి ఉంటాడులే, అనుకుంది. అనుకుని, మంట కొంచెం తగ్గించింది.

కళ్ళు గుమ్మం మీదికి పోయాయి. మెట్టు అంచున గోధుమరంగు మరక ఉంది, అయోడిన్ మరక. ఎండాకాలంలో అక్కకి మోకాలి ఆపరేషనైతే ఆమె వెళ్ళి అక్కయ్య ఇంట్లో ఉంది కొన్నాళ్ళు. అక్క కాళ్ళు ఒత్తింది, అక్క పక్కన పడుకుంది, రాత్రిళ్ళు ఇంటికి ఫోను చేసి తిన్నారా, పడుకున్నారా అని అడిగింది. తిరిగొచ్చేసరికి మెట్టు మీద ఈ మరక. "ఇదేమిటండీ?" అంటే, "నాకే తగిలిందోయ్, చీకట్లో చూసుకోలేదు, మందు ఒలికింది" అన్నాడు. కాలి బొటనవేలికి కట్టు. ఆమె ఎంత నవ్వింది! "కట్టిన మేస్త్రీకే తగిలిందా!" అని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి ఊరుకుందా, నీళ్ళు కాచింది, ఉప్పు వేసింది, ప్రయాణం అలసట కూడా తీరకుండా ఆయన పాదం తన ఒళ్ళో పెట్టుకుని తుడిచింది. కట్టు విప్పి చూస్తానంటే "వద్దు వద్దు, నొప్పి" అని కాలు లాక్కున్నాడు. ఆ కట్టు రెండు మూడు రోజులుంది. కుంటాడు కూడా. ఏ కాలు? కుడికాలనే గుర్తు... కాదు, ఒకరోజు ఎడమకాలు కుంటినట్టు... ఛీ, ఏమిటీ పాడు ఆలోచన, మనిషి ఏ కాలు కుంటాడో పోగేసుకుని కూచునే స్థితికి వచ్చిందా తను! వచ్చింది. ఆ రోజు వంటింటి గుమ్మంలో నుంచుని కూతురు చూస్తూ ఉంది, పెదవి కొరుక్కుంటూ. తండ్రి నొప్పికి పిల్ల విలవిల్లాడుతోందనుకుంది తను. అయ్యో నా తల్లీ అనుకుంది.

ఆ తర్వాత కదూ ఆయన అడిగింది. మేడ మీద బట్టలు తీస్తోంది. ఆయన వచ్చి ఒక దుప్పటి కొస పట్టుకున్నాడు, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మడత పెడుతున్నారు, దగ్గరికి వచ్చినప్పుడు అన్నాడు. పై దేశంలో కాగితం ఫ్యాక్టరీ ఒకటి పిలుస్తోందిట, యంత్రాలు చూసే పెద్ద ఉద్యోగంట. "నేనింకా ఏ మాటా చెప్పలేదు. నువ్వు అవునంటే అవును, కాదంటే కాదు. ఇంకొకసారి ఆ ఊసెత్తను" అన్నాడు. దుప్పటి మధ్యలో ఉంది, ఇద్దరి చేతులూ దాని మీదున్నాయి. నిజం చెప్పాలంటే ఆమెకి భయం కన్నా ముందు గర్వం కలిగింది. ఎంతమంది మొగుళ్ళు ఇలా అడుగుతారు? పక్కింటావిడ మొగుడు ఇల్లు మారుతున్నామని లారీ వచ్చాక చెప్పాడు. ఆ రాత్రి నుంచి మొదలైంది ఆమె నరకం. అక్కడ ఆమె చదువు చెల్లదు, మళ్ళీ మొదట్నుంచి చదివి పరీక్ష రాస్తే తప్ప ఎవరి నోట్లోనూ ఆమె చేసిన పన్ను పెట్టనివ్వరు. భాష రాదు. అక్క మోకాలు ఇంకా కుదురుకోలేదు. ఒకవైపు ఇదంతా, ఇంకోవైపు ఆయన మొహం, ఏళ్ళ తరబడి అదే ఫ్యాక్టరీలో అదే యంత్రం దగ్గర చెవుడు తెచ్చుకుంటున్న మనిషి. తిన్నది ఒంటబట్టలేదు. అన్నం ముందు కూచుని లెక్కలు, స్నానం చేస్తూ లెక్కలు. కూతుర్ని పిలిచి అడిగింది, "పిచ్చుకా, నువ్వేమంటావే?" అది కిటికీ బయటికి చూస్తూ "నీ ఇష్టం అమ్మా" అంది. పిల్ల ఎంత ఎదిగిపోయింది, తల్లి మీద ఒత్తిడి పెట్టకూడదని ఎంత జాగ్రత్త అని మురిసిపోయింది తను, పిచ్చి మొహం! ఆఖరికి ఒక మధ్యాహ్నం, ఎవరిదో పళ్ళ సెట్టు నున్నగా సానబడుతుంటే, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, వెళ్దాం అనిపించింది. ఆయన ఇంటికి రాగానే చెప్పింది. ఒక్కటే అడిగింది, "నా బల్ల రావాలి." ఆయన ఆమె తల నిమిరాడు. "బల్ల లేకుండా నిన్ను తీసుకెళ్తానా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆయనకి. నిజం నీళ్ళే. అదే ఇప్పుడు ఎక్కువ మండుతోంది, అవి నిజం నీళ్ళే కావడం.

బల్ల మీద చెయ్యి పెట్టింది. పాతది, బరువైంది, ముందువైపు మనిషి ఛాతీ ఆనేలా అర్ధచంద్రంగా కోసిన బల్ల. మేష్టారిది. ఆమెకి ఈ పని నేర్పిన మేష్టారు చేతులు వణకడం మొదలయ్యాక "ఇక ఇది నీ దగ్గరుండాలమ్మా" అని రిక్షాలో పెట్టించి పంపాడు. మేష్టారి పెద్ద పొట్టకి కోసిన ఒంపు, మొదట్లో ఆమెకి రెండుపక్కలా వదులుగా ఉండేది. ఇప్పుడు సరిపోయింది, బల్ల దగ్గరైందో తను లావైందో. ఈ నెలరోజులుగా ఆమె చేసిన పనల్లా ప్రయాణానికి తయారవడం. అచ్చులకి దూది చుట్టింది. సెట్లు కొరికించి చూసే ఇనుప దవడలకి నూనె రాసి పెట్టింది. మట్టి అంటిన వస్తువేదీ ఆ దేశంలోకి రానివ్వరంటే పాత పళ్ళ బ్రష్షు పట్టుకుని చెప్పుల అడుగులు, సైకిలు టైర్ల గాడులు, పార పిడి సందులు అన్నీ కడిగింది. కుండీల్లో మొక్కల్ని పక్కింటావిడకి ఇస్తూ ఏడిస్తే ఆయనే ఓదార్చాడు. "నువ్వే కదోయ్ సరేనన్నావు, ఇప్పుడు ఏడిస్తే ఎలా" అన్నాడు. నువ్వే కదా! ఆ మాట ఇప్పుడు చెవిలో సీసం పోసినట్టుంది. ఇల్లు దోచుకుని, మూట భుజానేసుకుని, అప్పుడు తలుపు తట్టి "తీసుకోవచ్చా అమ్మా" అని అడిగితే, "అయ్యో, తీసుకో నాయనా" అని మంచినీళ్ళు కూడా ఇచ్చిన ఇల్లాలు తను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే కాబోలు.

"అమ్మా, టీ పెట్టనా?" కూతురు. మెట్టుకి అవతలే నుంచుంది. టీ పెట్టనా అని ఈ పిల్ల పుట్టాక ఎప్పుడైనా అడిగిందా? చెవుల్లో పెట్టుకునే ఫోన్ల తీగ మెళ్ళో వేళ్ళాడుతోంది. ఎండాకాలం అంతా ఆ తీగ దాని చెవుల్లోనే ఉంది, పెదాలు కదిలేవి. "ఏం పాటలే అవి, మాకూ వినిపించు" అంటే గభాల్న తీసేసేది. పాటలు కావు. పాటకి పెదాలు అలా కదలవు. నోళ్ళతోనే ఇన్నేళ్ళూ బతికిన మనిషికి పెదాలు ఏం చేస్తున్నాయో తెలీదా, కొత్త భాషకి దవడ ఎలా తిరగబడుతుందో తెలీదా! తెలుసు, చూడలేదంతే. సొంత పిల్ల నోటిని ఎవరు పరీక్షగా చూస్తారు? నోట్లో నువ్వుగింజ నానదు దీనికి. పుట్టినరోజుకి తండ్రి చీర కొంటే, కొట్టు మెట్లు దిగకముందే ఫోన్లో రంగు చెప్పేసే పిల్ల. అలాంటిది ఇంత మాట ఇన్నాళ్ళు మింగింది. ఎంత కష్టపడి ఉంటుందో పాపం, అని జాలేసింది ఆమెకి, ఆ జాలికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

"ఆ అయోడిన్ మరక పోలేదు చూడవే" అంది ఆమె, మామూలుగానే.

పిల్ల కిందికి చూడలేదు. చూడమన్నచోట తప్ప అన్నిచోట్లా చూసింది, ఇత్తడి తొట్టి కేసి, గోడ మీద గడియారం కేసి, బల్ల మీద మర్చిపోయిన టేపు కేసి. "పెడతా, పెడతా టీ" అని వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడు. గుమ్మడికాయ దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకుంటోంది వెర్రిపిల్ల. ఇంక ఎవరెవరికి తెలుసు? డాక్టరమ్మకి తెలుసు. పళ్ళ ఆసుపత్రి డాక్టరమ్మ, ఆమె చేతికి పనిచ్చేది ఆవిడే, వర్షాలు మొదలవగానే పని తగ్గించింది. మిషన్ల మీద చేసేస్తున్నారు, అందుకు కాబోలు అనుకుంది తను. కాదు, మిషన్లెప్పుడో వచ్చాయి. ఒకరోజు డాక్టరమ్మ అంది, "నీ చేతి సెట్టు ఇంక మాకెక్కడ దొరుకుతుంది." అని నాలిక్కరుచుకుని, "అంటే, నువ్వు బిజీ అయిపోతావు కదా" అంది. అప్పటికి మేడ మీద దుప్పటి ఇంకా మడతపడలేదు. అంటే ఊళ్ళోవాళ్ళకి తెలిసి, ఆసుపత్రికి తెలిసి, కన్నకూతురికి తెలిసి, అందరూ తలా ఒక కొస పట్టుకుని ఆమె చుట్టూ గుడ్డ కప్పి, ఆమె చేత "అవును" అనిపించారు. అనిపించి చప్పట్లు కొట్టారు. ఆమె చేత వేషం వేయించారు, అది వేషమని ఆమెకొక్కదానికే చెప్పలేదు.

తొట్టిలో నీళ్ళు చిన్నగా కదులుతున్నాయి. లోపల ఉడుకుతున్న సెట్టు ఒక పాత బస్సు డ్రైవరుది. పెద్దాయనకి ముందుపళ్ళ మధ్య సందుండేది, ఈలవేస్తే అందులోంచి వచ్చేది. పళ్ళన్నీ పోయాక సెట్టు చేయించుకోవడానికి వచ్చి, "అదే సందు పెట్టమ్మా" అన్నాడు. సందు లేకుండా చేస్తే అందంగా ఉంటుంది తాతా అంటే, "అందం ఎవరిక్కావాలి తల్లీ, మా ముసల్ది నా మొహం చూసి ఇది నేనేనని అనుకోవాలి గానీ" అన్నాడు. రెండుసార్లు మైనంతో చేసి చూపించింది, రెండుసార్లూ సందు కొంచెం తక్కువైందన్నాడు, మూడోసారికి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు గుర్తొచ్చి ఆమెకి ఏడుపొచ్చింది. ముందు రాలేదు, ఇప్పుడొచ్చింది. లోకంలో ఒక ముసలాయన పెళ్ళాం దగ్గర తన పళ్ళ సందు కూడా దాచనంటున్నాడు. దేశం మీద ఆమెకి కోపం లేదు. ఉద్యోగం మీద లేదు. చెప్పి ఉంటే ఏం చేసేది? ఏడ్చేది, పోట్లాడేది, నాలుగు రోజులు మాట్లాడకుండా కూచునేది, ఐదో రోజు లేచి పెట్టెలు సర్దేది. ఆయనకి తెలియదా ఆ సంగతి? ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి పెళ్ళాం ఐదో రోజు లేస్తుందని తెలియదా? ఆ నాలుగు రోజులు ఓర్చుకోలేకపోయాడు. ఆ నాలుగు రోజుల గొడవ తప్పించుకోవడానికి ఎండాకాలం నుంచి ఇప్పటిదాకా అబద్ధం మోశాడు. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అంటారు, కాదు, ఏ రాయో తేడా ఉంది, ఎదురుగా వచ్చి తగిలిన రాయి వేరు, ఇంట్లోవాడే ఒళ్ళో పెట్టుకుని దాచిన రాయి వేరు. కానీ ఏమో, ఒకవేళ తనే పొరబడితే? ఆ మనిషి నిజంగానే ఓరకంట చూసి ఉంటే? పొరబడితే బాగుండును. చెంపలేసుకుని నవ్వుకునేది. పొరబడితే బాగుండును దేవుడా, అనుకుని మంట ఆపేసింది. ఇక ఫ్లాస్కు నీళ్ళలోనే ఉండి దానంతటది చల్లారాలి. వేడి మీద తెరిస్తే సెట్టు వంకరపోతుంది, నోట్లో కుదరదు.

వీధి తలుపు చప్పుడు. వెళ్ళొస్తానండీ, మంచిదండీ. ఆయన చేతులు రుద్దుకుంటూ వచ్చి మెట్టు అవతల నుంచున్నాడు. "హమ్మయ్య, అయిపోయిందోయ్. బుద్ధిమంతుడు, గబగబా చూసేశాడు."

"బల్ల కొలవలేదు."

"రాయించానులే. చెప్పాగా నీకు."

"ఏమండీ," అంది ఆమె. గొంతు మామూలుగానే వచ్చింది, అదే ఆశ్చర్యం. "ఆయనకి మెట్టు చెప్పలేదేం?"

"ఎవరికి?" అన్నాడాయన. అని, అర్థమైంది. అర్థమవడం మొహంలో చెవుల దగ్గర మొదలై ముందుకి వచ్చింది. తేలు కుట్టిన దొంగలా నుంచున్నాడు. నోరు తెరిచాడు, ఏదో చెప్పేవాడే, ఏదో ఒకటి చెప్పేవాడు, నమ్మేలాగే చెప్పేవాడు. ఆమె కూడా నమ్మేదేమో, ఎవరు చెప్పొచ్చారు, పొరబడాలని అంత కోరికగా ఉంది. సరిగ్గా అప్పుడే వీధి తలుపు మళ్ళీ చప్పుడైంది. "సారీ సార్, టేపు మర్చిపోయాను" అంటూ ఆ కొలతల మనిషి వంటింట్లోంచి పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చేశాడు.

"మెట్టు!" అని అరిచాడు ఆయన. ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు.

ఆ మనిషి అప్పటికే దాటేశాడు. టేపు తీసుకుని, వెనక్కి తిరిగి, ఇంత మంచి మనుషులకి ఒక మంచిమాట చెప్పి పోదామన్నట్టు నవ్వాడు. "తెలుసు సార్, ఎందుకు తెలీదు! పోయినసారి గోరు ఊడితే మీరే కదా అయోడిన్ పోశారు. పాప దూది తెచ్చింది."

వంటింట్లో టీ గిన్నె కింద మంట ఆగిన చప్పుడు వినిపించింది. ఆయన గోడ కేసి చూస్తున్నాడు. ఆయన బొటనవేలు చెప్పులోంచి కనిపిస్తోంది, నిండుగా, నున్నగా, ఎప్పుడూ ఏ దెబ్బా తగలని బొటనవేలు. దానికి ఆమె నీళ్ళు కాచింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"బాబూ," అని పిలిచింది ఆమె, వెళ్ళబోతున్న మనిషిని. "పోయినసారి ఈ బల్ల ఎంత చోటు పడుతుందన్నారు?"

అతను ఆయన కేసి చూసి, ఆమె కేసి చూసి, అమాయకంగానే చెప్పాడు. "ఇది లేదు కదమ్మా. ఈ గదిలోది ఏదీ రాదన్నారు సారు. దాన్ని బట్టే పెట్టె సైజు ఖాయం చేసేశాం. ఇప్పుడు కలపాలంటే..." తర్వాత మాట మింగేశాడు, ఏదో తేడా ఉందని అప్పటికి అతనికీ తట్టింది.

"ఏం కలపక్కర్లేదు" అంది ఆమె. చేతులు పైటకి తుడుచుకుని, బల్ల ఒంపులోకి కుర్చీ లాక్కుని కూచుంది. "అలాగే ఉంచండి. సారు చెప్పింది నిజమే, ఈ గదిలోది ఏదీ రాదు. నేనూ ఈ గదిలోదాన్నే. ఒక మనిషి తగ్గిందని రాసుకోండి."

"ఏమిటే ఆ మాటలు, పరాయివాళ్ళ ముందు," అన్నాడు ఆయన. ఆ మనిషి టేపు జేబులో కుక్కుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్టు దాటి వెళ్ళిపోయాడు. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు, గదిలోకి రావడానికి, ఆమె చెయ్యి పట్టుకోవడానికి, కూచుని చెప్పడానికి. కాలెత్తబోయాడు.

"మెట్టు," అంది ఆమె, కొత్తవాళ్ళకి చెప్పినట్టు.